పదకొండో నెంబరు సూచిక

(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో మచిలీపట్నంలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పగానే మనకి మందులు గుర్తుకొస్తాయి. బోదకాలుకి హెట్రజాన్, క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్. ఇవాళ నేను ఆయన చేతుల మీదుగా వచ్చిన ఒక పరీక్షతో మొదలుపెడతాను. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి, బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనికి కుదిరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతిని ఆ ఇద్దరూ కలిసి తయారు చేశారు. 1925లో అది అచ్చయింది. ఇప్పటికీ వాళ్లిద్దరి పేర్ల మీదే చెలామణి అవుతోంది. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని లోకానికి చూపించగలిగారు. మన కండల్లో ఆ పదార్థం రోజూ కొంత విరిగిపోతూ ఉంటుంది. విరిగాక మిగిలేదాని పేరు క్రియాటినిన్. కిడ్నీలు దాన్ని మూత్రంలోకి తోసేస్తాయి. తోయలేని రోజు వస్తే అది రక్తంలో పేరుకుంటుంది.

క్రియాటినిన్ అనే ఆ మాట ఇప్పుడు మన డెల్టాలో అక్షరం ముక్క రాని ఇళ్లలో కూడా వినిపిస్తోంది. డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు 'నీకు క్రియాటిన్ ఎంతొచ్చింది?' అని ఒకరినొకరు అడుగుతుంటారు. కిడ్నీ జబ్బు పాకిన ఎ.కొండూరు తండాల్లో ఆ మాట తెలియని ఇల్లుండదు. అయితే ఆ బెంచీ దాకా వెళ్లినవాళ్లకే అది తెలిసింది. వెళ్లకముందు తెలియాల్సినవాళ్లకి తెలియలేదు. నా మాటలు వాళ్ల గురించి.

కొన్నేళ్ల కిందట దివిసీమ నుంచి ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. యాభై ఎనిమిదేళ్లుంటాయి. భర్త కౌలుకి వరి వేస్తాడు, ఆవిడ నాట్లకీ కలుపులకీ వెళ్తుంది. పాదాలు వాచాయి, అన్నం సయించడం లేదు, పొద్దున్నే వాంతి వచ్చినట్టుంటోందని చెప్పింది. బట్టల కొట్టువాళ్లు ఇచ్చిన సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ నాలుగు మడతలు పెట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. కలరా ఉండల వాసన వస్తున్నాయి. పట్టాదారు పాసుపుస్తకం దాచుకునే పెట్టెలోనే వీటినీ దాచుకుందట. మడత పడ్డచోట అక్షరాలు చెరిగిపోయాయి. నేను వాటిని తారీఖుల వరసలో పేర్చాను. ఎనిమిదేళ్ల కాగితాలు. సుగరు కోసం చేయించినవి కొన్ని, జ్వరానికి ఒకసారి, కంటి ఆపరేషన్‌కి ముందు ఒకసారి. ప్రతిదాంట్లోనూ క్రియాటినిన్ ఉంది. 1.3, 1.6, 2.1, 2.9, 4.2. ఆ రోజు నేను చేయిస్తే 6.8 వచ్చింది.

"ఇన్నిసార్లు రక్తం ఇచ్చానండీ. ఎవరూ ఏమీ అన్లేదు. అన్లేదంటే బాగున్నట్టే గదా అనుకున్నా" అంది.

ఆ ఎనిమిదేళ్లూ ఆవిడ మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో నొప్పి బిళ్లలు అడిగి తెచ్చుకుని వేసుకుంది. నాట్ల రోజుల్లో పూటకొకటి. నీరసించిన కిడ్నీల మీద ఆ బిళ్లలు ఎంత పని చేస్తాయో ఈ హాల్లో ఉన్న వైద్యులకి నేను చెప్పక్కర్లేదు. 'ఆ నొప్పి బిళ్ల మానెయ్యమ్మా, బీపీ బిళ్ల మాత్రం మానకు' అన్న మాట 1.6 దగ్గర ఎవరైనా చెప్పి ఉంటే డయాలసిస్ వచ్చేదే కాదని నేను ప్రమాణం చేయలేను. కొన్నేళ్లు ఆగి వచ్చే వీలు బాగా ఉండేదని మాత్రం అనగలను.

2.1 అని ఉన్న కాగితం మూలన ఒక పొట్టి సంతకం ఉంది. అది నాది. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు, నాకూ ఆవిడ గుర్తు లేదు. అది జ్వరాల రోజుల్లో తీసిన కాగితం. ప్లేట్‌లెట్లు చూసి, 'బాగానే ఉన్నాయమ్మా, భయంలేదు' అని పంపించి ఉంటాను. ఆరు వరసల కింద ఉన్న ఆ అంకె నా కంట పడలేదో, పడినా నోట రాలేదో ఇప్పుడు చెప్పలేను. సంతకం మాత్రం పెట్టాను. ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు ఏ విషయం మాట్లాడాలో నేను ఆలోచించుకోవాల్సిన అవసరం రాలేదు.

ఒకప్పుడు పరీక్షా, దాని గురించిన మాటా ఒకే మనిషి దగ్గర ఉండేవి. పట్టాభి సీతారామయ్యగారు ఈ బందర్లో ప్రాక్టీసు చేసిన కాలంలో నాడి చూసిన డాక్టరే అక్కడికక్కడ ఏదో ఒకటి చెప్పేవాడు. చెప్పకపోయినా రోగి ఆ మొహం చూసి సగం తెలుసుకునేవాడు. ఇప్పుడు రక్తం తీసేది ఒకరు. ఆ ట్యూబు వెళ్లేది ఇంకో ఊరికి. మిషన్ దగ్గర కూర్చునేది ఇంకొకరు. కాగితం కిటికీలోంచి అందించేది మరొకరు. పరీక్ష రాసిన డాక్టరు ఆ వేళకి డ్యూటీ దిగిపోయి ఉంటాడు. మర్నాడు ఓపీలో ఇంకో డాక్టరు ఉంటాడు. ఇన్ని చేతులు మారిన అంకెని రోగికి విప్పి చెప్పాల్సిన బాధ్యత ఎవరి పేరున ఉంది? ఎవరి పేరునా లేదు. 'ఎవరో ఒకరు చెప్పే ఉంటార్లే' అని అందరం అనుకుంటాం.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 2009లో అమెరికాలో 23 క్లినిక్‌ల రికార్డులు తిరగేసి చూశారు. తేడాగా వచ్చిన ఫలితాల్లో పద్నాలుగింటికి ఒకటి రోగికి చెప్పలేదు, లేదా చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. రికార్డులంటూ ఉన్న దేశంలో లెక్క అది. మన ఓపీ చీటీ రోగి జేబులో నలిగి, వానకి తడిసి, చివరికి ఏ పొట్లానికో చుట్టుకుపోతుంది. మనం లెక్క తీయాలన్నా దేన్లోంచి తీస్తాం?

మరి ఆ కాగితాన్ని ఊళ్లో ఎవరు చదువుతున్నారు? ఆర్‌ఎంపీ చదువుతాడు. మందుల షాపు అబ్బాయి చదువుతాడు. ఆశా కార్యకర్త చదువుతుంది, పాపం ఆవిడకి చెప్పినవాళ్లు లేకపోయినా. గుడివాడలో ఇంటర్ చదువుతున్న మనవడు నాయనమ్మకి చదివి పెడతాడు. వాడికి ఇంగ్లీషు అక్షరాలొచ్చు. నల్లగా దిద్దిన అంకెలూ, పక్కన చుక్క గుర్తులూ కనిపిస్తాయి. 'నాయనమ్మా, నాలుగు తేడాలున్నాయి' అంటాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం ఎవరికీ సయించదు.

ఈ చుక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్యాకేజీ పరీక్షల బోర్డులు ఇప్పుడు ప్రతి సెంటర్లోనూ ఉన్నాయి. కాగితం మీద పక్కన 'ఇంత నుంచి ఇంత వరకు' అని అచ్చు వేస్తారే, ఆ హద్దుని మామూలుగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఇమిడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని నూరుగురిలో అయిదుగురు హద్దు బయటే ఉంటారు. ఇప్పుడు ఒకే మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేశామనుకోండి. లెక్క కడితే, ఏ రోగమూ లేని నూరుగురిలో సుమారు 64 మందికి కనీసం ఒక చుక్కైనా పడుతుంది. ఆ చుక్క పట్టుకుని బెజవాడ దాకా వెళ్లి, స్కానింగులు తీయించుకుని, అప్పు చేసి తిరిగొచ్చినవాళ్లని నేను చూశాను. అదే కాగితం ఇంకో మనిషిని నిద్రపుచ్చుతుంది కూడా. క్రియాటినిన్ తయారయ్యేది కండలోంచి. రొయ్యల చెరువు మీద మోత పని చేసే పాతికేళ్ల కుర్రాడికి 1.2 అంటే దాదాపు ఏమీ లేనట్టే. ముప్పై అయిదు కిలోల ముసలమ్మకి అదే 1.2 ఉంటే ఆలోచించాల్సిందే, కాగితం మీద చుక్క లేకపోయినా. ఆ అంకె హద్దు దాటే లోపలే కిడ్నీ పని సగం దాకా పోయి ఉండొచ్చు. ఈ తేడా మిషన్‌కి తెలియదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసినవాడికే తెలుస్తుంది.

ఇక మనం వాడే మాటలు. 'కొంచెం' అనే మాటని మా వృత్తిలో వాడినంతగా ఇంకెక్కడా వాడరనుకుంటాను. కొంచెం సుగరుంది. కొంచెం ఉప్పు తగ్గించండి. కిడ్నీ కొంచెం తేడాగా ఉంది. బోర్డర్లో ఉంది, చూద్దాం. మనం భయపెట్టకూడదనే అంటాం, మంచి మనసుతోనే అంటాం. రైతు ఇంట్లో కొంచెం అంటే కొంచెమే. కొంచెం నీరు తక్కువైతే పైరు ఎండదు, కొంచెం పురుగుంటే మందు కొట్టక్కర్లేదు. ఆయన తన భాషలో సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. పాజిటివ్, నెగెటివ్ అన్న మాటలు కూడా అంతే. క్షయకి కళ్లె పరీక్ష చేసి 'నెగెటివ్ వచ్చింది' అంటే కళ్లనీళ్లు పెట్టుకున్న తండ్రిని నేను చూశాను. 'అయ్యో, పాజిటివ్‌గా రాలేదాండీ' అన్నాడు. కరోనా తర్వాత పాజిటివ్ అంటే ఏమిటో జనానికి తెలిసింది. అయితే ఇప్పుడు రక్తం గ్రూపు 'ఓ పాజిటివ్' అన్నా ఉలిక్కిపడేవాళ్లున్నారు.

తెలుగులో చెప్పలేమా అంటే, చెప్పినవాళ్లు మన కళ్ల ముందే ఉన్నారు. కొమర్రాజు అచ్చమాంబగారు ప్రసూతి గురించీ శిశుపోషణ గురించీ తెలుగులో పుస్తకం రాశారు. సమరంగారు దశాబ్దాల పాటు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకి తేలిక తెలుగులో జవాబులిచ్చారు. అంత పెద్ద పెద్ద సంగతులు తెలుగులో చెప్పగలిగిన వృత్తికి, ఒక రిపోర్టు మీద రెండు వాక్యాలు చెప్పడం చేతకాదని నేను ఒప్పుకోను.

మన సీమలోనే ఒక పరీక్ష ఉంది. దాని ఫలితం ఎవరూ చదివి పెట్టక్కర్లేదు. దివిసీమలో వానాకాలం వచ్చిందంటే పాముకాట్లు ఎక్కువ. 2018లో మరీ ఎక్కువై, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. పాము కరిచిందని తీసుకొస్తే, రక్తపింజర లాంటి పాము విషం రక్తాన్ని గడ్డ కట్టకుండా చేసిందో లేదో తేల్చడానికి డాక్టరు చేసే పరీక్షకి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబు కావాలి. ప్లాస్టిక్కుది పనికిరాదు, సబ్బుతో కడిగిందీ పనికిరాదు. అందులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా స్టాండులో నిలబెట్టి, గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు ఆగాలి. ఆ ఇరవై నిమిషాలూ బంధువులు చుట్టూ నిలబడి ఆ ట్యూబు వంకే చూస్తారు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన, కొడుకుని మంచం మీద పడుకోబెట్టి, ఆ ట్యూబు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టైము కాగానే మా పెద్ద డాక్టరుగారు ఆయన్నే దగ్గరికి పిలిచి ట్యూబు మెల్లగా వంచారు. నీళ్లలా జారిపోయింది. "చూశారా, గడ్డ కట్టలేదు. విషం రక్తంలో పడింది. ఇంజెక్షన్ సీసాలు ఎనిమిదో పదో పట్టొచ్చు. ఆరు గంటలయ్యాక మళ్లీ ఇలాగే చూద్దాం" అన్నారు. ఆ పెద్దాయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు, నాటు వైద్యుడి ఊసెత్తలేదు. ఆరు గంటల తర్వాత మళ్లీ వంచినప్పుడు రక్తం కదల్లేదు. మాకంటే ముందు ఆయనే "గట్టిపడిందండీ!" అని అరిచాడు.

ఆ పెద్దాయనకి చదువు లేదు. అయినా పరీక్ష ఎందుకో, ఏం తేలిందో, దాని మీద ఏం చేస్తున్నారో, మళ్లీ ఎప్పుడు చూస్తారో, అన్నీ తెలుసు. నేను 2.1 మీద సంతకం పెట్టినావిడకి ఈ నాలుగింట్లో ఒక్కటీ తెలియదు.

గవర్నమెంటు ఆస్పత్రుల్లో ఇంకొకచోట కూడా ఇలా విప్పి చెప్పడం జరుగుతోంది. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రానికి వెళ్లి చూడండి. సూది గుచ్చకముందే కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఫలితం వచ్చాక గదిలోకి పిలిచి, తలుపు వేసి, మనిషికి మనిషి ఎదురుగా చెప్పాలి. కాగితం కిటికీలోంచి పడేయకూడదు. అది పద్ధతిగా మొదలై, 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టంతో హక్కు కూడా అయింది. ఒకప్పుడు ఆ రోగం పేరెత్తడానికే జనం భయపడేవాళ్లు. ఆ కౌన్సెలర్లే ఓపిగ్గా కూర్చుని వాళ్లని మందుల దాకా నడిపించారు. చిన్న జీతాల మీద ఆ పని చేసినవాళ్లకి ఈ వేదిక మీంచి దణ్ణం పెడుతున్నాను. ఒక జబ్బుకి చేయగలిగాం కాబట్టి, కిడ్నీకి, సుగరుకి, రొమ్ములో గడ్డకి తీసిన ముక్క పరీక్షకి ఎందుకు చేయలేమో ఎవరైనా నాకు చెప్పాలి.

అంకెలు జనానికి అర్థం కావని అంటారు కొందరు. బందరు ఊళ్లో నిలబడి ఆ మాట అనకూడదు. గిలకలదిండి రేవులో ఏ పడవ వాణ్ణయినా అడగండి, తుఫాను హెచ్చరికల్లో ఒకటో నెంబరంటే ఏమిటో, మూడో నెంబరంటే ఏమిటో, పదో నెంబరంటే ఏమిటో చెప్తాడు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయాయి, పదివేల మందికి పైగా పోయారు. రేడియోలో హెచ్చరికలు రాకపోలేదు. అది ఎటు వస్తుందో, సముద్రం ఎంత లోపలికి వస్తుందో, వింటున్న ఇల్లాలు పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలో చెప్పిన మాట మాత్రం ఆ ఊళ్లకి చేరలేదు. ఆ తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, దండోరా వేయించారు, స్కూళ్లలో చెప్పారు. ఇవాళ పదో నెంబరు ఎగరేశారంటే ఏం సర్దుకోవాలో ఎనిమిదేళ్ల పిల్లకి కూడా తెలుసు. నెంబరుతో పాటు ఏం చెయ్యాలో కూడా చెప్పారు కాబట్టి తెలిసింది.

రేవు సూచికలు పదితో ఆగవు. పదకొండోది ఉంది. చాలామంది దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, అక్కడి నుంచి కబురు రావడం లేదు, వాతావరణం మాత్రం పాడయ్యేలా ఉంది అని రేవు అధికారి తన బాధ్యత మీద ఎగరేసే సూచిక అది. పది కంటే పైన దాన్ని పెట్టినవాళ్లకి సముద్రం సంగతి బాగా తెలుసు. మా వృత్తిలో అలాంటి సూచిక లేదు. కబురు తెగిపోతే మా దగ్గర ఏమీ ఎగరదు. కిటికీ దగ్గర నిశ్శబ్దంగా ఉంటుంది, రోగి దాన్ని క్షేమం అనుకుని ఇంటికెళ్లిపోతాడు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. వైద్యులకి 2002లో పెట్టిన ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. జబ్బు తీవ్రతని పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదని కూడా అందులో ఉంది. జాతీయ మానవ హక్కుల సంఘం తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో మొదటి హక్కే సమాచారం. ఇవి అవసరం. అయితే కాగితం ఇవ్వమని చట్టం చెప్పగలదు, అర్థమయ్యేలా చెప్పారా లేదా అని పక్కన కూర్చుని చూడలేదు. ఫోన్లోకి రిపోర్టు పంపే ఏర్పాట్లు వచ్చాయి, మంచిదే. ఆ ఫోను కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంటుంది, మెసేజీ ఇంగ్లీషులో ఉంటుంది.

టైము లేదంటారు. నాకు తెలుసు, నేనూ పూటకి నూట ఇరవై మందిని చూసినవాణ్ణే. అయినా ఒక పని చేసి చూశాను. ఆ దివిసీమ ఆవిడ వచ్చి వెళ్లాక, రిపోర్టు చూపించుకున్న ప్రతి మనిషినీ గది దాటేముందు ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: 'ఇంటికెళ్లాక ఏమన్నారని అడిగితే మీవాళ్లకి ఏం చెప్తారు?' మొదటి వారం వచ్చిన జవాబులు విని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. నేను బాగా చెప్పాననుకున్నవాళ్లు కూడా 'బాగానే ఉందన్నారు, బిళ్లలు రాశారు' అనేవాళ్లు. అప్పుడు మళ్లీ చెప్పేవాణ్ణి. మూడు నెలల సుగరు లెక్క అంటే రక్తంలో కణాలు సుమారు నాలుగు నెలలు బతుకుతాయి కాబట్టి వాటికంటుకున్న చక్కెర చూసి చెప్పేదని, నిన్న పస్తున్నా అది తగ్గదని. ఒక్కొక్కరికి ఒక నిమిషం, ఒకటిన్నర నిమిషం ఎక్కువ పట్టింది. నాకు మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. అంతకు మించి నష్టమేమీ జరగలేదు.

ఆవిడ డయాలసిస్ మీద మూడేళ్లు బతికింది. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున బస్సెక్కేది. చివరి రోజుల్లో తన అంకె తనే చెప్పేది, ఎంత దాటితే ఆయాసం వస్తుందో కూడా చెప్పేది. అంత చురుకైన మనిషికి ఎనిమిదేళ్లు మేమెవరం ఏమీ చెప్పలేదు.

2023లో ఈ ఊళ్లో మెడికల్ కాలేజీ మొదలైంది. ఏటా 150 మంది పిల్లలు చేరుతున్నారు. వాళ్లలో కొందరు ఇవాళ వెనక వరసల్లో కూర్చున్నారు, మీకోసమే ఇంతసేపు మాట్లాడాను. పెద్దలకి, అధికారులకి నా మనవి ఒకటే. గవర్నమెంటు ఆస్పత్రిలో రిపోర్టులిచ్చే కిటికీ పక్కన ఒక బల్ల, మూడు కుర్చీలు వెయ్యండి. కాగితం తీసుకున్న ప్రతి మనిషీ అక్కడ కూర్చుని, తన అంకెలకి తెలుగులో అర్థం విని, తిరిగి తన నోటితో చెప్పి వెళ్లాలి. విద్యార్థుల్ని వంతులవారీగా అక్కడ కూర్చోబెట్టండి, పక్కన నేర్పడానికి ఒక పెద్దవాణ్ణి ఉంచండి. జీతం అక్కర్లేదు. మొదటి ఆరు నెలలూ రోజూ పొద్దున తొమ్మిదింటికి నేనే వచ్చి కూర్చుంటాను. ఏ రోజు నుంచి రమ్మంటారో చెప్పండి.